ఇంటి గోడకు మన చేతి వెల్ల



పంటల సంగతి చెప్పవలసిన మనిషి ఈవేళ గోడల సంగతి ఎత్తుకున్నాడేమిటని అనుకోకండి. కాఫీ మొక్కలకు బోర్డో మిశ్రమం కలిపే చేతికి సున్నం కొత్తది కాదు గదా! కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీరు. ఈ లెక్క మీలో చాలామందికి కంఠస్థమే. గాలి తగిలి పొడి అయిపోయిన పాత సున్నం వేస్తే ఆ మందు ఎలా చెడుతుందో, గోడ మీది వెల్ల కూడా అలాగే చెడుతుంది.

మన లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్నది. మైదానంలో వారిలాగే మనమూ సంక్రాంతికి నాలుగు రోజుల ముందు కుంచె పట్టుకుంటాము. చిక్కంతా అక్కడే. నేను ఈ ప్రాంతానికి వచ్చిన కొత్తలో, డిసెంబరు నెలాఖరున, సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి అద్దె ఇంటి గోడకు వెల్ల వేశాను. తెల్లవారి గోడకు ఆనుకుంటే చొక్కా వీపంతా తెలుపే. పక్కింటి అవ్వ చూసి నవ్వింది. "గోడకి కూడా సలేస్తాది బాబూ!" అన్నది. డిప్లొమాలో నేను చదువుకున్నదానికి ఆమె మాట సరిగ్గా సరిపోయింది. సున్నం ఉత్తగా ఆరి గట్టిపడేది కాదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని తిరిగి రాయిగా మారుతుంది. అందుకు కాస్త తడి, కాస్త వెచ్చదనం రెండూ కావలెను. మంచు పట్టిన రాత్రి ఆ పని సాగదు. కనుక పండుగ పట్టింపు లేకుంటే ఫిబ్రవరి, మార్చి నెలలు మేలు. పండుగకే వేయాలంటే పొద్దెక్కి మంచు విడిచాక మొదలుపెట్టి, మధ్యాహ్నం 2 గంటలకల్లా కుంచె కడిగేయండి.

మట్టిగోడకు బీటలుంటే ముందు వాటిని పూడ్చాలి. సిమెంటుతో పూడ్చవద్దు, అది మట్టితో కలవక, ఏడాది తిరిగేసరికి పెచ్చులా ఊడి వస్తుంది. గోడ ఏ మట్టిదో ఆ మట్టే తెచ్చి, తరిగిన గడ్డి కలిపి, బాగా తొక్కి పెట్టండి. తర్వాత పేడ, మట్టి కలిపి పలుచగా అలికి పూర్తిగా ఆరనివ్వండి.

ఇక సున్నం. కిలో రాతి సున్నానికి 5 లీటర్ల నీళ్లు. ముందు నీళ్లు పోసి అందులో సున్నం కొద్దికొద్దిగా వేయవలెనే గాని, సున్నం మీద నీళ్లు గుమ్మరించరాదు. అది కుతకుత ఉడికి పైకి చిమ్ముతుంది. కంట్లో పడితే చూపే పోవచ్చు. ఆ పూట పిల్లలను దగ్గరకు రానివ్వకండి. పొరపాటున పడితే కన్ను నులమకుండా, ధారగా మంచినీళ్లు చాలాసేపు పోసి వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లండి. ప్లాస్టిక్ బకెట్టు ఆ వేడికి మెత్తబడుతుంది, ఇనుప డబ్బా వాడండి. ఒక రోజు నానాక గుడ్డతో వడకట్టి, 10 లీటర్ల సున్నపు పాలకు 40 గ్రాముల బంకను వేడినీళ్లలో కరిగించి కలపండి. నీలిమందు మీ ముచ్చటను బట్టి, చిటికెడు చాలు.

గోడ మీద నీళ్లు చిలకరించి, పాలంత పలుచగా మొదటి పూత వేయండి. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, ఆ తడి ఆరకముందే అడ్డంగా. చిక్కగా ఒకే పూత వేసి చేతులు దులుపుకుందామనుకుంటే పొరలు లేస్తుంది. ఒక్కొక్క పూత ఆరనిచ్చి మూడు పూతలు వేయవలెను. కింద రెండు మూడడుగుల మేర మన ఆడవారు ఎర్రమన్ను పూస్తారు చూడండి, అది అలాగే ఉంచండి. చూరునీళ్లు చింది పాడయ్యేది ఆ భాగమే. మరకా కనబడదు, మళ్లీ పూయడమూ తేలిక. యాత్రికుల గదులకు వేశారని చూసి మట్టిగోడకు నూనె రంగు, ప్లాస్టిక్ రంగు వేయకండి. లోపలి చెమ్మ బయటకు పోలేక రంగు ఉబ్బుతుంది, దానితోపాటు మట్టీ రాలుతుంది. తలుపులకు, కిటికీలకు రంగు వేసుకోండి, తప్పులేదు. అయితే పాత రంగును పొడిగా గీకకండి, తడిపి గీకండి. ఇంటి రంగుల్లో సీసానికి మన దేశంలో కట్టుదిట్టమైన హద్దు 2017 నవంబరు నుంచే అమలయ్యింది. అంతకు ముందు వేసిన రంగుల్లో సీసం ఉండవచ్చు, ఆ దుమ్ము పసిపిల్లలకు విషం.

ఇప్పుడు అసలు మాట. మలేరియా దోమల మందు కొట్టే మనుషులు మన ఇళ్లలోకి వచ్చి గోడలకు పిచికారీ చేస్తారు గదా! దోమ మనిషిని కుట్టి, కడుపు నిండాక గోడ మీద వాలుతుంది. అక్కడి మందు తగిలి చస్తుంది. ఒక ఇంటివారు మందు మరకలు చూడలేక, వాసన పడక, మూడోనాడే గోడలన్నీ అలికి వెల్ల వేశారు. మందు వెల్ల కిందికి పోయింది, దోమకు శుభ్రమైన గోడ దొరికింది. తర్వాత ఆ ఇంట్లో ఇద్దరు చలిజ్వరంతో పడుకున్నారు. అలికినందువల్లనే వచ్చిందని నేను ప్రమాణం చేయలేను గాని, కాపలావాణ్ణి మనమే ఇంటికి పంపేసినట్టయింది. పిచికారీ అయ్యాక రెండున్నర, మూడు నెలల దాకా అలుకూ వద్దు, వెల్లా వద్దు. ఆశా కార్యకర్తను ముందుగా అడిగి, మందు కొట్టే రోజుకు పదిహేను రోజుల ముందే మీ గోడపని ముగించుకోండి. తేదీ తెలియకపోతే సున్నం తడపకండి.

ఒకవేళ ముందే నానబెట్టి ఉంటే కంగారు పడనక్కరలేదు. ముద్ద మీద నాలుగు వేళ్ల లోతు నీళ్లు నిలిపి మూత పెడితే సున్నం నెలల తరబడి చెడదు. నానినకొద్దీ మెత్తబడి కుంచెకు ఇంకా బాగా లొంగుతుంది.