దస్తావేజుల నకలు – డిస్కుల నకలు

పూర్వము సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో భూమి కొన్నవారి దస్తావేజును రిజిస్ట్రేషను కచేరిలో చేతితో నకలు వ్రాసి, మూలముతో సరిచూచెడివారు. ఇంటనున్న పత్రమునకు చెద పట్టినచో ఆ నకలే ఆధారము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో ‘కార్డ్’ విధానము ప్రారంభమైన పిదప, దస్తావేజుల ప్రతిబింబములు సర్వరనెడి కంప్యూటరు డిస్కులలో చేరసాగినవి.

డిస్కు నిండినచో ఏమి చేయవలెను? అందున్న సమస్తమును, ఉన్న వరుసలోనే, పెద్ద డిస్కునకు ఎత్తివ్రాయుదురు. దీనినే క్లోనింగు అందురు.

ఇందు కొన్ని జాగ్రత్తలు కలవు. నకలు జరుగునంతవరకు క్రొత్త పత్రము లెక్కకుండ సర్వరును నిలుపవలెను. మూలమేదో, నకలేదో ముందే గుర్తింపవలెను. అవి తారుమారైనచో ఖాళీ డిస్కే నిండు డిస్కును తుడిచివేయును. నకలు ముగిసినను క్రొత్త డిస్కు పాత హద్దులనే చూపును. పొలమునకు గట్టు జరిపినట్లు ఆ హద్దును పెంచిననే మిగిలిన చోటు ఉపయోగపడును.

కడపట, రెంటిని సరిచూడవలెను. క్రొత్తది కొన్నాళ్లు నిక్కముగా పనిచేయువరకు పాతదానిని చెరుపక దాచవలెను. నకలు చేతిదైనను, యంత్రముదైనను, సరిచూచిన పిమ్మటనే అది నమ్మదగినది.