తొక్కకూ టెంకకూ లెక్క చెప్పాలి

(చిత్తూరు జిల్లా మామిడి రైతుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



సీజన్ వస్తే తోతాపురి లోడుతో ఫ్యాక్టరీ గేటు ముందు రాత్రీ పగలూ పడిగాపులు కాసేది మనమే. 2025లో కిలోకు 12 రూపాయలు అన్నారు. ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 ఇవ్వాలన్నారు. ధర అడిగితే యాజమాన్యాలు చెప్పేది ఒకటే మాట: గుజ్జు అమ్ముడుపోలేదని. మనం తూకం వేసి ఇచ్చేది గుజ్జు ఒక్కటేనా? తొక్క, టెంక కలిపి కాయ బరువులో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటాయి. వాటి లెక్క ఎవరు చెప్పాలి?

వంకలో పోస్తే అది కుళ్లి కంపు కొడుతుంది, నీళ్లు పాడవుతాయి. వాడుకుంటే సరుకు. తొక్కలో పెక్టిన్ ఉంది, జామ్ గట్టిపడేది దానితోనే. టెంకలోని జీడి నుంచి కొవ్వు తీస్తారు. చాక్లెట్‌లో 5 శాతం వరకు కలపడానికి యూరప్ చట్టం అనుమతించిన ఆరు రకాల కొవ్వుల్లో అదీ ఒకటి. తొక్కను ఎండబెట్టి గానీ, వరిగడ్డితో కలిపి పాతరేసి గానీ పశువులకు మేపవచ్చు. అయితే పచ్చి తొక్క ఎక్కువ పెట్టకూడదు. అందులోని చక్కెరకు పశువు కడుపు పులిసి మేత మానేస్తుంది. మిగిలింది బయోగ్యాస్‌కు పోతుంది.

ఇది ఒక్క రైతు చేసే పని కాదు. తొక్క ఒకటి రెండు రోజుల్లోనే కుళ్లిపోతుంది. ఫ్యాక్టరీ దగ్గరే ఆరబెట్టే కళ్లాలు, యంత్రాలు కావాలి. వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద 2 కోట్ల దాకా రుణానికి 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. మన రైతు ఉత్పత్తిదారుల సంఘాలు దాన్ని అడగాలి.

ఉప ఉత్పత్తుల్లో రైతుకు వాటా అడగడం కొత్త కోరికేమీ కాదు. పంచదారతో పాటు మొలాసిస్, పిప్పి ఆదాయాన్నీ కలిపి 70 శాతం చెరకు రైతుకు ఇవ్వాలని 2012లోనే రంగరాజన్ కమిటీ చెప్పింది. చెరకుకు న్యాయమైనది మామిడికి ఎందుకు కాదు?

అందుకే మనం మూడు అడుగుదాం. ధర నిర్ణయించే సమావేశంలో తొక్క, టెంకల ఆదాయాన్నీ లెక్కలో చూపాలి. వాటిని పారబోయకుండా ముందు రైతు సంఘాలకు, పాడి రైతులకు ఇవ్వాలి. ఆరబెట్టే కళ్లాలకు ప్రభుత్వం స్థలం చూపాలి.

కాయలు కోతకు వచ్చాక అడిగితే మన మాట చెల్లదు, గేటు ముందు కాయ పండిపోతుంటుంది. పూత మీదుండగానే ఊరూరా సంతకాలు పెట్టించి కలెక్టరు దగ్గరికి కలిసి పోదాం.