నమూనా చాలునా? సరకంతయు నీయవలెనా?
(హోసూరులో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు మీ ముందుంచు విషయము చిన్నదిగా కనబడవచ్చును గాని చిన్నది కాదు. మన వారపత్రిక అచ్చుప్రతిగానే కాక ఫోనులలోనికిని పోవుచున్నది. చదువరి దినదినము మన పుట తెరచి చూడనక్కరలేకుండ, క్రొత్త వ్యాసము వెలువడగనే తనంతట తానే అతనికడకు చేరు ఏర్పాటునకు ఫీడు అని పేరు. నేడు వాడుకలోనున్న పద్ధతికి 1999లో అమెరికాలోని నెట్‌స్కేప్ సంస్థ పునాది వేసినది. ఈ ఫీడున వ్యాసమంతయు పంపవలెనా? లేక నాలుగు పంక్తుల సారాంశము పంపి, తక్కినది మన పుటలో చూడుమనవలెనా? ఇదియే ప్రశ్న.

సారాంశము చాలునను వారి వాదమును మా వర్తకుల మాటలలో చెప్పెదము. గింజల అంగడిలో మొదట దోసెడు నమూనా చూపుదుము. నచ్చినచో బస్తా విప్పుదుము. నమూనా చూచి పుటకు వచ్చినవారు ప్రకటనలను గూడ చూతురు. ప్రకటనల సొమ్ము లేనిదే కాగితపు ఖర్చు గిట్టదు. ఎందరు చదివిరో లెక్కయు తెలియును. పూర్తి పాఠము పంపినచో పరులు దానిని ఎత్తి తమ పుటలలో వేసికొనుట సులభము. తీరికలేనివారికి ఇరువది విషయములు ఒక్క చూపున కనబడుటయు మేలే. ఇవి త్రోసిపుచ్చదగిన మాటలు కావు. మేమును మొదట ఈ పక్షముననే యుంటిమి.

గత విద్యాసంవత్సరారంభమున మా యభిప్రాయము మారినది. ఒక తరగతిలో 10 మంది గాని, పాఠశాల మొత్తమున 40 మంది గాని పిల్లలున్నచో ప్రాథమిక దశలో మాతృభాషాబోధన కల్పింపవలెనని 1949లో విద్యామంత్రుల సమావేశము అంగీకరించినది. 1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము అందుకై యత్నించుట రాష్ట్రముల విధియని చెప్పినది. దీనినిగూర్చి వ్యాసము వ్రాసి, తలిదండ్రులు అర్జీపై ఏ తేదీలోగా సంతకము చేయవలెనో చివర తెలిపితిమి. ఫీడున పోయినవి మొదటి నాలుగు పంక్తులే. అందు మన పూర్వుల ఘనత యున్నది, తేదీ లేదు! ఒక గ్రామమున తొమ్మిది సంతకములే వచ్చినవి. పదవ బిడ్డ తండ్రి గడువు దాటిన పిమ్మట మా అంగడికి వచ్చి, “అన్నా, మీరు పంపిందంతా చదివినాను గదా, తేదీ యాడుంది?” అని యడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి. తప్పు ఆయనది కాదు, మాది.

అంగడికి వచ్చినవాడు నిలుచుండి బస్తా విప్పించుకొనగలడు. సిగ్నలు లేని పల్లెలో నున్నవాడు మరల పుట తెరచుకొనలేడు. పూర్తి పాఠము ఒకసారి ఫోనులో చేరి నిలిచినచో ఎప్పుడైనను చదువుకొనును. డేటా ఖర్చగునను భయమును వలదు. తెలుగున ఒక్కొక్క అక్షరసంకేతమునకు 3 బైట్లు పట్టును. 4,000 సంకేతముల వ్యాసమునకు 12,000 బైట్లు మాత్రమే. ఒక్క ఛాయాచిత్రము దీనికి ఎన్నియో రెట్లు. అంతియే కాదు, యంత్రము లెక్కపెట్టి కోసినచోట మన సంయుక్తాక్షరము నడుమ విరిగి పొల్లుగా మిగులుటయు చూచియున్నాము. తెలుగు బడి లేక, ఇంట కూడబలుకుకొని నేర్చుకొను బిడ్డ అట్టి పంక్తి చూచి ఏమి నేర్చును?

కావున మా సూచనలు మూడు. ఫీడున పూర్తి పాఠమే పంపవలెను. దాని మీద సారాంశమును ఉండవలెను గాని, అది యంత్రము కోసినది గాక మనిషి వ్రాసినదై, తేదీ, స్థలము, చేయవలసిన పని మొదటి పంక్తిలోనే తెలుపవలెను. 2005లో స్థిరపడిన ఆటమ్ పద్ధతిలో సారాంశమునకు, పూర్తి పాఠమునకు వేరువేరు స్థానములు గలవు గనుక రెండును కలిపి పంపవచ్చును. ఇక ప్రతి పాఠము చివర పత్రిక పేరును, ఒక ప్రకటనయు చేర్చవలెను. పరులు ఎత్తుకొనిపోయినను మన పేరు వెంట పోవును.

పుటకు వచ్చువారు కొంత తగ్గవచ్చును. ఆ నష్టము చిట్టాలో కనబడును, మరియొక విధముగా పూడ్చుకొందుము. తొమ్మిదివద్ద ఆగిన సంతకముల నష్టము ఏ చిట్టాలోను కనబడదు. ఇది తలంచి మీ సమ్మతి తెలుపుడని వేడుచున్నాము.