ట్యాక్ కొట్టి ఆగండి
(కలకత్తా వాట్‌గంజ్‌లో వృత్తివిద్యా పట్టభద్రులకు ఇచ్చిన స్నాతకోత్సవ ప్రసంగం)



స్నాతకోత్సవం అంటే యూనివర్సిటీల సొత్తు అనుకునేవాళ్ళం. ఐటీఐల కోసం దేశవ్యాప్తంగా తొలి స్నాతకోత్సవం జరిగింది 2022 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతి నాడు. కలకత్తాలో ఆ రోజు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. లేతు మిషనుకి పూలదండ, టాక్సీ బానెట్‌కి బొట్టు, డాబాల మీద గాలిపటాలు. నన్ను తెలుగులోనే మాట్లాడమన్నారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో గార్డెన్‌రీచ్‌కీ ఖరగ్‌పూర్‌కీ వచ్చి స్థిరపడిన ఇళ్ళ పిల్లలు ఈ హాల్లో ఎక్కువట. నాకూ అదే హాయి.

జీవితంలో ఎలా పైకి రావాలో చెప్పే పెద్దలు మీకు చాలామంది దొరుకుతారు. నేను పాత కార్ల గురించి మాట్లాడతాను. అందులోనూ ఎవరూ ఫొటో తీయని ఒక దశ గురించి.

హాట్ రాడ్ అనే మాట మీరు వినే ఉంటారు. 1930లలో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్ళు పాత ఫోర్డు కార్లు చవగ్గా కొని, మడ్‌గార్డులు పీకేసి, బరువు తగ్గించి, మ్యూరాక్ అనే ఎండిపోయిన చెరువు నేల మీద పందేలు వేసుకునేవారు. 1932లో ఫోర్డు కంపెనీ 65 హార్స్‌పవర్ వీ8 ఇంజిన్‌ని మామూలు జనం కొనగలిగే ధరలో పెట్టాక ఈ పిచ్చి ముదిరింది. 1948 జనవరిలో దీనికంటూ ఒక పత్రికే మొదలైంది. పైకప్పు కోసి కిందికి దించడం, పెద్ద ఇంజిన్ ఎక్కించడం, ముందు ఇరుసు మార్చడం లాంటివే ఆ పనులు. ఆ బండ్లు దుమ్ము లేపుతూ పరుగెత్తే బొమ్మలు మీరు చూసి ఉంటారు. పరుగెత్తే ముందు ఆ బండి నెలల తరబడి జాకీ స్టాండ్ల మీద, రంగు లేకుండా, సగం బోల్టులతో నిలబడి ఉంటుంది. ఆ దశని వాళ్ళు మాకప్ అంటారు. మన షెడ్లలో ట్రయల్ ఫిట్టింగ్. దర్జీ కచ్చా కుట్టు వేసి ఒంటి మీద పెట్టి చూసినట్టే ఇదీను.

ఎలా చేస్తారో కాస్త దగ్గర నుంచి చూద్దాం. ముందు తేల్చాల్సింది బండి రోడ్డు మీద ఎంత ఎత్తులో కూర్చోవాలన్నది. ఇంజిన్ ఆ తర్వాత. చివరికి ఏ టైర్లు వేస్తారో ఆ టైర్లే, కనీసం ఆ కొలతవే, ఇప్పుడే బిగించాలి. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. ట్రయల్‌కి వాడే ఇంజిన్ లోపలి సరుకంతా తీసేసిన గుల్ల బ్లాకు. పెట్రోలు లేదు, రేడియేటర్‌లో నీళ్ళు లేవు, సీట్లో మనిషి లేడు. అంత తేలిక బండిలో స్ప్రింగులు పైకే లేచి ఉంటాయి. ఆ ఎత్తు నమ్మి కొలతలు తీస్తే, పూర్తయిన రోజున బండి కిందికి దిగి, టైరు వెళ్ళి ఫెండర్‌ని నాకుతుంది. అందుకే చెయ్యి తిరిగినవాళ్ళు స్ప్రింగులే తీసేస్తారు. వాటి బదులు ఇనప పట్టీలు బిగించి, ఇరుసుని అసలు ఎత్తులో నిలబెడతారు. తర్వాత ఆ పట్టీలూ విప్పి, చక్రాన్ని జాకీతో పైకి ఎంత పోతుందో అంత ఎత్తి, స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూస్తారు. గుంతలో పడ్డ చక్రం, పూర్తిగా తిరిగిన చక్రం, ఈ రెండూ ఒకేసారి జరిగే క్షణం రోడ్డు మీద తప్పక వస్తుంది. అది షెడ్డులోనే రావాలి.

అప్పుడు ఇంజిన్. కింద చెక్కముక్కలు పేర్చి, కావలసిన చోట కూర్చోబెట్టి చూడాలి. ఆయిల్ సంప్ కింద క్రాస్ మెంబర్‌కి తగులుతోందా? వెనక డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీయడానికి ఫైర్‌వాల్ దగ్గర చెయ్యి పడుతుందా? ఎగ్జాస్ట్ గొట్టం స్టీరింగ్ రాడ్డుని రాసుకుంటోందా? ఫ్యాన్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఎంత సందుంది? ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుందని మరిచిపోకండి. గేర్‌బాక్స్ వెనక్కి వాలిన కోణం, డిఫరెన్షియల్ మూతి పైకెత్తిన కోణం ఒకదానికొకటి సరిపోవాలి. సరిపోకపోతే ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరిగేటప్పుడు వచ్చే వణుకు ఏ బ్యాలెన్సింగ్‌తోనూ పోదు. ఆఖరుగా పానా పెట్టి చూడండి. బోల్టు పట్టడం వేరు, ఆ బోల్టు మీద పానా తిరగడం వేరు. స్పార్క్ ప్లగ్ మార్చాలంటే ఇంజిన్ దించాల్సిన బండ్లు నేను చూశాను. వాటి యజమానులు మంచివాళ్ళే, మెకానిక్‌ని తిట్టేటప్పుడు తప్ప.

బ్రాకెట్లకి నేరుగా రేకు కోయకండి. ముందు అట్ట కోయండి. ఈ పేటలో అట్టకి కరువా? పక్కనే ఫ్యాన్సీ మార్కెట్, దాని వెనక పోర్టు. అట్ట ముక్క మూడుసార్లు పాడైనా బాధ లేదు. అట్ట కుదిరాక పల్చటి రేకు, అది కుదిరాక అసలు మందం. దానికీ నాలుగు మూలలా ట్యాక్, అంటే చిన్న వెల్డింగ్ చుక్క, కొట్టి ఆగండి. పూర్తి వెల్డింగ్ చల్లారుతూ ఇనుముని తనవైపు లాక్కుంటుంది. ట్యాక్ అయితే గ్రైండర్ తగిలిస్తే పోతుంది.

కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మ గీసి చూసుకోవచ్చు కదా, ఇంత కష్టం ఎందుకని మీలో కొందరికి అనిపిస్తూ ఉంటుంది. గీయండి, వద్దనను. కొత్త బండికి అది బంగారం లాంటి పని. కానీ అరవై డెబ్భై ఏళ్ళ బండికి ఎడమ పక్క, కుడి పక్క ఒకటి కావు. ఎవరో గుద్దారు, ఎవరో తట్టి సరిచేశారు, ఇంకెవరో మల్లిక్ బజార్ నుంచి వేరే బండి తలుపు తెచ్చి వేశారు. డ్రాయింగ్‌లో ఉన్న కారు ఒకటి, మీ ముందున్న కారు ఇంకొకటి. స్కాన్ చేస్తే ఈ తేడా తెలుస్తుంది. అయినా సీట్లో కూర్చున్న మనిషి మోకాలు స్టీరింగ్‌కి కొట్టుకుంటుందో లేదో, దించిన పైకప్పు కింద నుంచి సిగ్నల్ లైటు కనిపిస్తుందో లేదో మనిషిని కూర్చోబెడితేనే తెలుస్తుంది.

అమెరికా సంగతి అలా ఉంచండి. హుగ్లీ నది మీద ఎగువన, ఉత్తరపారాలో మన హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళే ఒక రకంగా ఈ ఇంజిన్ ఎక్కించే పని చేశారు. అంబాసిడర్ 1957లో మొదలైంది, మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ నుంచి వచ్చింది. దశాబ్దాల పాటు 1489 సీసీ ఇంజిన్‌తో నడిచాక, 1990లలో అదే పాత ఒంట్లోకి ఇసుజు 1.8 లీటర్ల ఇంజిన్, అయిదు గేర్ల పెట్టె వచ్చాయి. ముసలి ఒళ్ళు, కొత్త గుండె. నా లెక్కలో అది హాట్ రాడ్డే, ఎంత పెద్దమనిషి తరహాగా కనిపించినా. 2014 మేలో ఆ ఫ్యాక్టరీ ఆగిపోయింది. మీ చేతుల్లోకి రాబోయే పాత బండ్లలో అంబాసిడర్లు తప్పక ఉంటాయి కాబట్టి ఒక మాట. 1932 ఫోర్డుకి చాసీ వేరు, బాడీ వేరు. అంబాసిడర్‌కి విడి చాసీ లేదు, బాడీయే ఎముక. తుప్పు పట్టిన ఫ్లోరు కోసే ముందు తలుపుల ఖాళీలకు అడ్డంగా ఇనప గొట్టాలు ట్యాక్ కొట్టండి. లేకపోతే ఫ్లోరు తీసిన సాయంత్రమే బాడీ నడుము వంగుతుంది, కొత్త ఫ్లోరు వేశాక తలుపులు మూతపడవు. తలుపులు బిగించి, మూసి, సందులు చూసుకుంటూనే వెల్డింగ్ చేయాలి. పుట్టీ, ప్రైమర్, రంగు పడ్డాక అంచులు మందమవుతాయి, కాబట్టి ట్రయల్‌లో సందు ఒక వెంట్రుక ఎక్కువే ఉంచండి.

ముందు కుదిర్చి చూసుకునే పని ఈ నేలకి కొత్తేమీ కాదు. మనం కూర్చున్న వాట్‌గంజ్ పేరు కర్నల్ హెన్రీ వాట్సన్‌ది. ఈస్టిండియా కంపెనీ ఇంజినీరు.  1780 ప్రాంతంలో ఇక్కడ రేవూ, ఓడల యార్డూ మొదలుపెట్టి నాన్‌సచ్ అనే యుద్ధనౌక కట్టించాడు. లక్షలు పోసి చివరికి దెబ్బతిన్నాడు. ఆయన తర్వాత ఖిదిర్‌పూర్‌లో కిడ్ సోదరులు ఓడలు కట్టారు. 74 ఫిరంగుల హేస్టింగ్స్ అనే టేకు ఓడ 1818లో ఇక్కడే నీళ్ళలోకి దిగింది.

ఓడని జాకీ స్టాండ్ల మీద పెట్టి చూడలేరు కదా. అందుకని ఓడల వాళ్ళు వేరే దారి పట్టారు. విశాలమైన చెక్క నేల మీద ఓడ పక్కటెముకల్ని నిజం కొలతలోనే గీసేవారు. ఆ గది పేరు మౌల్డ్ లాఫ్ట్. వంగే చెక్క బద్దని మేకుల మధ్య వంచి, కన్ను ఆనించి చూసేవారు. గీత ఎక్కడైనా ఉబ్బితే, చిన్న కాగితం మీద కనబడని తప్పు అక్కడ కనబడేది. గీత కుదిరాక పల్చటి చెక్కతో అచ్చులు కోసి, వాటిని టేకు దుంగల మీద పెట్టి గుర్తులు వేసేవారు. టేకు దుంగ తప్పుగా కోస్తే అతకలేరు. మన కోస్తాలో కోరంగి, తాళ్ళరేవు వడ్రంగులు తరాల పాటు ఓడలు కట్టారు. 1948లో విశాఖ షిప్‌యార్డు నుంచి జల ఉష నీళ్ళలోకి దిగింది. ఇక్కడికి దగ్గర్లోని గార్డెన్‌రీచ్ యార్డు 1961లో ఐఎన్‌ఎస్ అజయ్‌ని నేవీకి ఇచ్చింది. ఇంత పెద్ద వస్తువు కట్టేవాళ్ళు కూడా ఇనుము కోసే ముందు అసలు కొలతని ఒకసారి కళ్ళారా చూసుకునేవారని తెలిస్తే, అట్ట కోసే మనం చిన్నబోనక్కర్లేదు.

ఇక చట్టం. ఇది ఆలస్యంగా చెబుతున్నాను కానీ పనిలో ఇదే మొదట రావాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు చెప్పిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. 2021 జులైలో వచ్చిన వింటేజ్ నిబంధనలు యాభై ఏళ్ళు దాటిన బండికి వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తాయి. కానీ చాసీ, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పు ఉండకూడదు. అంటే మన దేశంలో హాట్ రాడ్ చేసిన క్షణానే బండి వింటేజ్ హోదా పోగొట్టుకుంటుంది. స్టేట్స్‌మన్ పత్రిక వాళ్ళ పాత కార్ల ర్యాలీ 1968 నుంచి ఈ ఊళ్ళో నడుస్తోంది. అక్కడ మెప్పు దొరికేది అసలు రూపానికే. కాబట్టి యజమాని పెద్ద ఇంజిన్ వేయమని ఉత్సాహపడితే, బండి కాగితాలు చేతిలోకి తీసుకుని, ఆర్టీవో దగ్గర అడిగి రమ్మనండి. ఆ మాట నిష్ఠూరంగానే ఉంటుంది. ఆర్సీలో ఉన్న ఇంజిన్ నంబరు, బండిలో ఉన్న ఇంజిన్ నంబరు కలవకపోవడం కన్నా ఎక్కువేం కాదు.

ట్రయల్ అయ్యాక అన్నీ విప్పుతారు. ప్రతి బోల్టు దాని చోటు రాసిన సంచిలో పడాలి. కొట్టాల్సిన రంధ్రాలన్నీ రంగుకి ముందే కొట్టాలి. బండి కుదిరినట్టు కనిపిస్తున్నప్పుడు విప్పడానికి చెయ్యి రాదు, యజమాని ఫోను మీద ఫోను చేస్తుంటాడు, అయినా విప్పండి.

డబ్బు ఎవరిస్తారు? ఇదే అసలు ప్రశ్న. ట్రయల్ ఫిట్టింగ్ పూర్తయిన బండిలో కనబడదు, కనబడని పనికి జేబులోంచి చెయ్యి బయటికి రాదు. ఎస్టిమేట్‌లో దాన్ని లేబర్‌లో కలిపేయకండి, విడిగా ఒక వరస రాయండి. బేరంలో మొదట కొట్టేయమనేది ఆ వరసనే. రంగులో కావాలంటే తగ్గించండి, అక్కడ మాత్రం వద్దు. ట్యాక్‌ల మీద బండి నిలబడి ఉన్నప్పుడే యజమానిని షెడ్డుకి పిలవండి. సీట్లో కూర్చోబెట్టి, క్లచ్ తొక్కించి, స్టీరింగ్ తిప్పించి, ఏమైనా మార్చాలంటే ఇప్పుడే చెప్పమనండి. ఆయన చెప్పింది కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం తీసుకోండి. ఆ తర్వాతే పూర్తి వెల్డింగ్‌కి మిషను ఆన్ చేయండి.

ప్రిన్సిపాల్ గారు గడియారం చూసుకుంటున్నారు. పట్టాలకి పిలవండమ్మా, ఫిట్టర్ల నుంచి మొదలుపెట్టండి.