దాగియున్న రక్తపోటు

వేముల నుండి మధుమేహము గల రైతు ఒకడు నెలకొకమారు బస్సెక్కి పులివెందులకు పోవుననుకొందము. తెల్లవారగనే మాత్ర వేసికొని బయలుదేరును. వైద్యుని గదిముందు గంటసేపు నీడపట్టున కూర్చుండును. 11 గంటలవేళ చేతికి పట్టీ చుట్టి చూడగా 128/78 అని వచ్చును. "రక్తపోటు బాగున్నది" అన్న మాట వినుకొని సంతోషముగా ఇల్లు చేరును.

ఆ కొలత అబద్ధము కాదు. కాని అది 11 గంటల కొలత. మాత్ర బాగుగా పనిచేయుచున్న వేళ, శరీరము విశ్రాంతిగా నున్నవేళ తీసిన కొలత. మరునాడు తెల్లవారుజామున, నిన్నటి మాత్ర బలము తగ్గినవేళ, అదే మనిషికి 150 ఉండవచ్చును. దానిని చూచినవారెవరు?

వైద్యుని యెదుట సరిగానుండి ఇంటివద్ద హెచ్చుగా నుండు ఈ స్థితికి 2002లో థామస్ పికరింగ్ అను వైద్యుడు "ముసుగు రక్తపోటు" అని పేరు పెట్టినాడు. వైద్యశాలలో 140/90కి లోపల ఉండి, ఇంట తీసిన కొలతల సగటు 135/85గాని అంతకు మించిగాని ఉన్నచో దానిని ఈ కోవలో చేర్చుదురు. మధుమేహము గలవారిలో చాలమందికి 130/80కి లోపలనే ఉండవలెనని నేటి వైద్యులు కోరుదురు.

మన అరటితోటల రైతులకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. రాత్రిపూట కరెంటు వచ్చిన రోజులలో, పగలు పోయి బిందుసేద్యపు పైపులను తడిమిచూచిన ఏమి తెలిసెడిది? మోటారు తిరిగినవేళనే గదా అతుకు ఊడుట!

మధుమేహమునందు ఈ ముసుగు మరింత ప్రమాదకరము. రక్తములో ఏండ్లతరబడి నిలిచిన చక్కెర నాళముల గోడలలోని మాంసకృత్తులకు అంటుకొని వాటి సాగుగుణమును పోగొట్టును. నాళముల లోపొర చెడును. మూత్రపిండములు ఉప్పును వదలక పట్టి ఉంచును. ఆరోగ్యవంతునికి నిద్రలో రక్తపోటు పదింట ఒకవంతుకు పైగా తగ్గును. నరములు దెబ్బతిన్న మధుమేహరోగికి ఆ తగ్గుదల లేకపోవచ్చును. అనగా నాళములకు రాత్రియైనను విశ్రాంతి లేదు. ముందుగా దెబ్బతినునవి కంటిలోను మూత్రపిండములలోను గల సన్నని నాళములు; అవి నొప్పి యెరుగవు గనుక మొరపెట్టవు.

"నాకు బీ.పీ. లేదు" అని కొందరు గర్వముగా చెప్పుదురు. బీ.పీ. లేనివాడు బ్రతికియుండడు! ఉండవలసినంత ఉన్నదా అన్నదే ప్రశ్న. ఆ "ఉండవలసినంత" యొక్క విలువను బ్రిటనులో 1,148 మంది మధుమేహరోగులపై జరిపి 1998లో ప్రకటించిన పరిశోధన చూపినది. ఒక వర్గమునకు సగటున 154/87, రెండవ వర్గమునకు 144/82. పై అంకెలో తేడా పది మాత్రమే. రెండవ వర్గములో పక్షవాతము 44 శాతము, మధుమేహ సంబంధమైన మరణములు 32 శాతము తక్కువ.

కావున ఇంట కొలుచుకొనుట అవసరము. మణికట్టుకు కట్టునది కాక, జబ్బకు చుట్టు యంత్రమును తీసికొనుడు. పట్టీ చేతి లావునకు సరిపోవలెను. ఉదయము మూత్రవిసర్జన చేసి, మాత్రయు కాఫీయు పొగాకును ముట్టకముందే, కుర్చీకి వీపు ఆనించి, పాదములు నేలనుంచి, 5 నిమిషములు మౌనముగా కూర్చుండవలెను. చేయి గుండె యెత్తున బల్లపై నుండవలెను. చొక్కాచేతిపై పట్టీ చుట్టరాదు. నిమిషము వ్యవధిలో రెండుమార్లు, తిరిగి సాయంకాలము రెండుమార్లు, ఇట్లు 7 దినములు కొలిచి అన్నియు వ్రాయవలెను. మొదటి దినపు అంకెలు విడిచి మిగిలినవాని సగటు చూడవలెను. బాగున్న అంకెలు మాత్రమే వ్రాసికొను మంచివారు ఉన్నారు. వారు మోసగించునది తమనే. నిద్రలోని రక్తపోటు తెలియుటకు 24 గంటలు కట్టియుంచు యంత్రము వేరే కలదు.

సంగటిలోనికి ఊరుబిండి, అన్నములోనికి ఊరగాయ మన సీమ రుచులు. వానిని మానుమనుట నాకును కష్టమే. కాని రోజంతటికి ఉప్పు 5 గ్రాములు, అనగా చిన్న చెంచాడు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఊరగాయలోని ఉప్పు ఆ లెక్కలోనిదే.

ఏటికొకమారు మూత్రములో ఆల్బుమిన్ పరీక్షయు, కంటి వెనుకపొర పరీక్షయు చేయించుకొనవలెను. రక్తపోటు సరిగానున్నదని చెప్పినను మూత్రములో ఆల్బుమిన్ కనబడినచో ముసుగు ఉన్నదేమోనని అనుమానింపవలెను. కొలతల కాగితమును మందులచీటీతో కలిపి వైద్యునికి చూపుడు. లేచినప్పుడు కన్నులు తిరుగుచున్న ఆ సంగతియు చెప్పుడు. మాత్ర వేళ మార్చవలెనో, మోతాదు మార్చవలెనో ఆయన నిర్ణయించును; అంతవరకు ఉన్న మందును తగ్గింపకుడు, హెచ్చింపకుడు.