పెడనలో అచ్చు వేసే చేతులు

ఈ ఉదయము మన ధ్యానము కొరకు అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము తీసుకొందాము. బైబిలు దగ్గర ఉన్నవారు 11 నుండి 15 వరకు వచనములు తెరచి పెట్టుకోండి. వంటింట్లో ఉన్న తల్లులు చేతిలో పని ఆపనక్కరలేదు. వింటూ ఉంటే చాలు.

ఫిలిప్పీ పట్టణము బయట నదీతీరమున పౌలు కొందరు స్త్రీలతో మాట్లాడినాడు. వారిలో లూదియ ఒకతె. లూకా ఆమె దైవభక్తిని చెప్పి ఊరుకోలేదు. ఆమె ఏ ఊరిదో, ఏమి అమ్మి బ్రతికేదో కూడా వ్రాసిపెట్టినాడు. తుయతైర ఊరు, ఊదారంగు వ్యాపారము. మన సంఘాలలో ఎవరినైనా పరిచయము చేసేటప్పుడు "ఫలానా సంఘ సభ్యురాలు, ప్రార్థనాపరురాలు" అంటాము. ఆమె రోజంతా చేసే పని మాత్రము చెప్పము. లూకా చెప్పినాడు. ఆ పని ప్రస్తావనకు తగనిదని ఆయన అనుకోలేదు.

రంగుల పని అనగానే మన కృష్ణా జిల్లావారికి జ్ఞాపకము రావలసిన ఊరు ఒకటున్నది. విజయవాడ నుండి బందరు వెళ్లే రైలులో గుడివాడ, గుడ్లవల్లేరు, కవుతరం దాటితే పెడన వస్తుంది. ఆ తరువాత చిలకలపూడి, ఆ తరువాత బందరు. 2011 జనాభా లెక్కల నాటికి పెడనలో సుమారు ముప్పైవేలమంది ఉన్నారు. చుట్టూ వరిపొలాలు, కాలువలు. కిటికీలోనుండి చూసినవాడు "నెమ్మదైన ఊరు, ఇక్కడ జరిగేదేముంటుంది" అనుకొని మళ్లీ కునుకు తీస్తాడు. కాని ఆ ఊరిలో తెల్లవారేసరికే మగ్గాలు ఆడుతూ ఉంటాయి, అచ్చులు బల్లలమీద టక్కు టక్కుమంటూ ఉంటాయి. మీ ఇంట్లో కలంకారీ దుప్పటో, చీరో ఉంటే దాని పుట్టిల్లు బహుశా అదే.

కలము అంటే కలమే, కారీ అంటే పని. పారసీక భాషలోనుండి వచ్చిన మాట అది. శ్రీకాళహస్తిలో నిజముగా కలముతోనే బొమ్మలు వ్రాస్తారు. మన బందరు, పెడన వైపు మాత్రము టేకుచెక్కమీద చెక్కిన అచ్చులతో అద్దుతారు. పేరులో కలము, చేతిలో అచ్చు.

ఆ పని ఎట్లా జరుగుతుందో కొంచెము ఓపికగా వినండి. ముందుగా నూలుబట్టకున్న గంజిని, మడ్డిని పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండబెట్టి వదిలిస్తారు. తరువాత కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వలన అద్దిన రంగు ప్రక్కలకు పాకదు. నలుపు రంగు కొరకు తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపు నీళ్లలో వేసి రోజుల తరబడి ఊరబెడతారు. ఆ నీళ్లు కరక్కాయ పట్టిన బట్టమీద పడగానే నల్లబడతాయి. నలుపు వెంటనే కంటికి కనబడుతుంది.

ఎరుపు సంగతి అట్లా కాదు. ఎర్రగా రావలసిన చోట అద్దేది పటిక నీళ్లు. పటికకు రంగు లేదు. ఎక్కడ అద్దినదీ అద్దేవాడికి తెలియడానికి దానిలో కాస్త రంగు కలుపుకుంటారు, అంతే. అద్దిన బట్టను ప్రవహించే నీటిలో జాడించి, రాగి పాత్రలో చిరివేరు వంటి వేళ్లతో, ఆకులతో కట్టెలపొయ్యిమీద ఉడికిస్తారు. ఈ రోజులలో చాలాచోట్ల వేరుకు బదులు ఎలిజరిన్ అనే రంగు వాడుతున్నారు, ఆ మాట దాచనక్కరలేదు. ఆ ఉడుకులోనే పటిక తగిలిన చోటల్లా ఎరుపు పైకి వస్తుంది. బల్లదగ్గర నిలబడి అచ్చు వేసినవాడు ఆ ఎరుపును ఆ వేళ చూడడు. రేపో ఎల్లుండో ఇంకొకరి చేతిలో, ఇంకొక పొయ్యిమీద అది బయటపడుతుంది. అయినా పూవు అంచు తప్పకుండా, ఒక అచ్చు ప్రక్కన ఇంకొక అచ్చు వెంట్రుకవాసి తేడా లేకుండా పెట్టవలసినది మాత్రము అతడే.

నిర్గమకాండము 35వ అధ్యాయములో బెసలేలును గూర్చి చదివినప్పుడెల్లా నాకు ఈ బల్లలు జ్ఞాపకము వస్తాయి. దేవుని ఆత్మ ఒక మనుష్యుని చెక్కే పనికి, నేసే పనికి, రంగుల పనికి నింపినదని మోషే చెప్పినాడు. ప్రసంగించుటకు మాత్రమే ఆత్మ కావాలని మనము అనుకుంటాము!

ఇప్పుడు కొంచెము చరిత్ర. 1611లో ఇంగ్లీషు కంపెనీవారు బందరులో దిగి వర్తకము మొదలుపెట్టినారు. అంతకు కొన్ని సంవత్సరముల ముందే డచ్చివారు వచ్చి ఉన్నారు. వారందరికి ఇక్కడ కావలసినవాటిలో ముఖ్యమైనది అద్దకపు గుడ్డ. నూలుబట్టమీద ఉతికినా వెలవని రంగు అద్దడము వారి దేశాలలో అప్పటికి సరిగా చేతకాలేదు. ఆ గుడ్డమీద అక్కడి జనానికి ఎంత మోజు పుట్టినదంటే, తమ నేతగాళ్ల బ్రతుకు పోతున్నదని 1686లో ఫ్రాన్సు దానిని నిషేధించింది. ఇంగ్లండు 1700లో దిగుమతిని ఆపుతూ ఒక చట్టము, 1721లో వాడకాన్ని కూడా ఆపుతూ మరొక చట్టము చేసింది. తరువాత వారే యంత్రములమీద ఆ పూలను, ఆ తీగలను అనుకరించి అచ్చువేయడము నేర్చుకొన్నారు. ఆ మిల్లు గుడ్డ తిరిగి మన బజారులకే వచ్చింది. కాబట్టి నకలు అనేది పెడనకు క్రొత్త శత్రువు కాదు.

ఈనాటి నకలు ఇంకా దగ్గరనుండి వస్తున్నది. తెరమీద రసాయనపు రంగు పోసి ఒక్క లాగుడుతో గజాల గుడ్డమీద ఆ పూలే వేస్తారు. యంత్రము దగ్గరైతే ఆ లాగుడు కూడా ఉండదు. అది పాపమని నేను చెప్పడము లేదు. తెర పట్టుకొన్నవాడికీ పిల్లలున్నారు, అతడిది కూడా కష్టమే. తక్కువ డబ్బు ఉన్నవారికి తక్కువ ధర గుడ్డ దొరకడము మంచిదే. నా అభ్యంతరము ఆ గుడ్డమీద కాదు, దానికి అంటించే పేరుమీద. తెర అద్దకానికి "చేతి అచ్చు కలంకారీ" అని చీటీ పెట్టి అమ్మడము దొంగ త్రాసు. సామెతలు 11వ అధ్యాయము మొదటి వచనము తీసి చూడండి, దేవునికి అసహ్యమైనది ఏమిటో అక్కడ ఉన్నది. రాళ్లు తక్కువ పెట్టి తూచడమొక్కటే దొంగ త్రాసు కాదు. పది చేతులు పదిసార్లు ముట్టిన గుడ్డను, ఒక్క లాగుడు గుడ్డను ఒకే పేరుతో ఒకే కొట్లో వ్రేలాడదీస్తే, ఆ పది చేతుల కూలి ఎక్కడికి పోతుంది? కొనేవాడు తక్కువ ధర చూసి "మరి అక్కడ ఇంతకే ఇస్తున్నారే" అంటాడు. అచ్చువేసేవాడు ఆ మాటకు జవాబు చెప్పలేడు. తన కూలి తగ్గించుకుంటాడు, లేకపోతే పని మానుకుంటాడు. టేకుచెక్కమీద సన్నని తీగలు చెక్కే చెయ్యి ఒకసారి వేరే పనికి పోతే మళ్లీ తయారు కావడానికి ఏండ్లు పడుతుంది.

మన సంఘాలలో వస్త్రాల కొట్లు నడిపే సహోదరులున్నారు, ఇండ్లలోనే చీరలు అమ్ముకొనే సహోదరీలున్నారు. లూదియ వంటివారే. అమ్మా, అన్నా, మీతో ఒక మాట. తెచ్చిన గుడ్డ ఏదో ఆ పేరే చెప్పండి. తెర అద్దకమైతే తెర అద్దకమనండి. దానివలన నాలుగు చీరలు తక్కువ అమ్ముడుపోవచ్చు, ఆ నష్టము నిజమే. దానిని తేలికగా మాట్లాడే హక్కు నెల జీతము తీసుకొనే నావంటి వానికి లేదు. అయినను చెప్పక తప్పదు.

కొనేవారికి కూడా కొంచెము తెలివిడి అవసరము. గుడ్డను తిప్పి వెనుకప్రక్క చూడండి. పటికతో ఉడికిన రంగు నూలులోనికి దిగి ఉంటుంది, వెనుక కూడా బాగా కనబడుతుంది. పైపైన అద్దిన రంగు తరచుగా వెనుక వెలిసినట్లు ఉంటుంది. అచ్చుకు అచ్చు కలిసే చోట చూడండి. ఎంత చెయ్యి తిరిగినవాడైనా ఎక్కడో ఒకచోట సన్నని ఎడమో, రవ్వంత ఎక్కుడో ఉంటుంది. గజము గజానికి అణువంత తేడా లేకుండా ఉంటే అనుమానించండి. ఆ చిన్న తేడాను చూపించి ధర తగ్గించమని బేరమాడేవారు కూడా ఉన్నారు! మనిషి చేసినట్టు సాక్ష్యమిచ్చేదే ఆ తేడా కదా.

ఇక ఎండ, నీరు సంగతి. ఇది మన సంఘాలకు నేరుగా తగిలే సంగతి. అద్దకానికి రెండూ కావాలి. పారే నీటిలో జాడించకపోతే అదనపు రంగు అంటుకొని గుడ్డంతా మురికి పడుతుంది. ఎండ లేకపోతే ఏ మెట్టు దగ్గర పని ఆ మెట్టు దగ్గరే ఆగుతుంది. బెజవాడ దగ్గర 1855లో పూర్తయిన పాత ఆనకట్ట, దాని తరువాత 1957 నాటి ప్రకాశం బ్యారేజి కాలువలకు నీరిచ్చినాయి. 2015 నుండి పట్టిసీమ ద్వారా గోదావరి నీరు కూడా తోడైంది. అయినా పెడన కాలువల చివరి ప్రాంతము. పైన తూములన్నీ తడిసిన తరువాత క్రిందికి వచ్చేదే దాని వాటా. వేసవిలో కాలువ కట్టేస్తారు. అంటే మంచి ఎండ ఉన్నప్పుడు నీరు ఉండదు. కాలువ నిండుగా పారే రోజులలో ఆకాశములో మబ్బు ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలలలో వాయుగుండము పట్టిందంటే వారము రోజులు బల్లలమీద అచ్చు లేవదు. కూలి చాలామందికి చేసిన పనినిబట్టే, పని లేని రోజుకు కూలి లేదు. ఆ వారము ఇల్లు అప్పుమీద గడుస్తుంది.

ఇప్పుడు మనమేమి చేస్తాము? క్రిస్మసుకు గాయకబృందపు చీరలు, ఆలయపు తెరలు, బల్లమీది వస్త్రము అన్నీ నవంబరులోనే జ్ఞాపకము వస్తాయి. "రెండు వారాలలో కావాలి" అంటాము. వానలో తడుస్తున్న ఊరిని తొందరపెడతాము. అది చేతకాక, అమ్మేవాడు తెర అద్దకము తెచ్చి మన చేతిలో పెడతాడు. అప్పుడు అతని అబద్ధములో సగము మన తొందరది కాదా? ఇంకొక అలవాటు కూడా ఉన్నది. సరుకు తీసుకొని "కానుక వచ్చిన తరువాత ఇస్తాము" అంటాము. పండుగ కానుక లెక్క తేలేసరికి ఫిబ్రవరి. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము కూలివాని డబ్బును గూర్చి ప్రొద్దుగుంకకముందే అని గడువు పెట్టినది. సంఘము పేరు చెప్పినంత మాత్రాన ఆ గడువు పెరగదు.

కాబట్టి సంఘ పెద్దలకు, స్త్రీల సమాజపు అక్కలకు నా మనవి. వచ్చే క్రిస్మసుకు కావలసిన గుడ్డను నవంబరులో అడగవద్దు. సంక్రాంతి వెళ్లిన తరువాత, కాలువ కట్టేసే లోపల అడగండి. అప్పుడు ఎండ ఉంటుంది, నీరూ ఉంటుంది, వారికి వ్యవధి ఉంటుంది. కుదిరితే ఇద్దరు ముగ్గురు కలిసి రైలెక్కి మీరే పెడన వెళ్లండి. బల్లదగ్గర కాసేపు నిలబడి చూడండి, అచ్చువేసేవారి పేర్లు అడగండి. సగము డబ్బు ముందే ఇచ్చి, మిగిలినది గుడ్డ చేతికి వచ్చిన రోజునే ఇవ్వండి.

సమయమైనది. వచ్చే వారము ఇదే వేళకు లూదియ పుట్టిన తుయతైర సంఘమునకు ప్రకటన గ్రంథములో వచ్చిన ఉత్తరమును ధ్యానించుకొందాము. అంతవరకు సెలవు.