మూలుగ వెలుగు, నెత్తురు లెక్క

యువ వైద్యులారా,

మీలో కొందరికి ఉదయగిరిలోనో, ఆత్మకూరులోనో పోస్టింగు వస్తుంది. నెల్లూరు జిల్లా పడమటి మెట్ట అది. "నెత్తురు లేదంట నాయనా, నాలుగడుగులేస్తే ఆయాసమొస్తా ఉండాది" అంటూ ఒక తల్లి మీ ముందు కూర్చుంటుంది. సీబీపీ రాస్తారు. హిమోగ్లోబిన్ అంకె చూసీ చూడగానే ఐరన్ మాత్రలిచ్చి పంపేస్తారేమోనన్నదే నా దిగులు. ఆ అంకె వెనకాల ఎముక మూలుగ ఉంది. ఈ పూట దాని గురించే చెబుతాను.

పెద్దవాళ్ళలో నెత్తురు పుట్టేది ముఖ్యంగా వెన్నుపూసల్లో, కటి ఎముకల్లో, పక్కటెముకల్లో, రొమ్ము ఎముకలో ఉండే ఎర్ర మూలుగలో. సెకనుకు సుమారు 20 లక్షల ఎర్రకణాలు అక్కడ తయారవుతాయి. ఒక్కో కణం ఆయువు 120 రోజులు. నెత్తురు తగ్గితే మూత్రపిండాలు ఎరిత్రోపొయిటిన్ పంపి మూలుగను తొందరపెడతాయి. పని పెరిగిన మూలుగ గ్లూకోజును ఎక్కువగా లాక్కుంటుంది. అందుకే గ్లూకోజు వాడకాన్ని చూపే పెట్ స్కాన్‌లో వెన్నంతా ఒకే తీరుగా వెలుగుతుంది. కీమో తర్వాత తెల్లకణాల కోసం ఇచ్చే జీ-సీఎస్ఎఫ్ ఇంజెక్షన్‌తోనూ ఇలాగే జరుగుతుంది. ఆ ఇంజెక్షన్ సంగతి తెలియని వైద్యుడు క్యాన్సర్ మూలుగకు పాకిందని అనుకునే ప్రమాదం ఉంది.

వెలుగుతోంది గనక నెత్తురు బాగా వస్తోందనీ అనుకోకండి. ఫోలిక్ ఆసిడో, బీ12 విటమినో చాలనప్పుడు మూలుగ కణాలతో కిక్కిరిసి ఉంటుంది, కానీ వాటిలో చాలా భాగం బయటికి రాకముందే చచ్చిపోతాయి. ఇటుకబట్టీ రాత్రింబవళ్ళు మండినా ఇటుకలన్నీ లోపలే పగిలిపోయినట్టు. అప్లాస్టిక్ అనీమియాలో ఇందుకు పూర్తిగా విరుద్ధం: మూలుగలో కణాలు కరువై కొవ్వు నిండుతుంది. సీబీపీలో మాత్రం రెండు జబ్బుల్లోనూ ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ పడిపోవచ్చు. మొదటిదానికి ఆ విటమిన్లిస్తే చాలు. రెండోదానికి మూలుగ మార్పిడి దాకా పోవలసి రావచ్చు.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని ఇక్కడ తలుచుకోకుండా ఉండలేను. ఆయన ఇంట్లో స్ప్రూ జబ్బు ప్రాణాలు తీసింది. పేగులు ఫోలిక్ ఆసిడ్‌ను పీల్చుకోలేక నెత్తురు చిక్కిపోయే జబ్బు అది. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసింది. దాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌నూ వాళ్ళే చేశారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకిచ్చి, జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించారు. మూలుగకు ప్రాణం పోసే మందు, అదుపు తప్పిన మూలుగను ఆపే మందు, రెండూ ఒకే చోట పుట్టాయి. చదువుకున్నంతకాలం ఈ పేరు మీకు పరీక్షలో రాలేదంటే అది నాకు నిజంగా బాధ.

ఇక మీరు వెళ్ళే చోటికి వస్తాను. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లా ఊళ్ళలోని ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ప్రచురించారు. ఉదయగిరి మెట్టలో కూడా ఫ్లోరైడ్ బోరునీళ్ళున్నాయి. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగినవాళ్ళ వెన్ను, కటి ఎముకలు ఎక్స్‌రేలో సున్నం కొట్టినట్టు తెల్లగా కనిపించవచ్చు. గట్టిపడిన ఎముక మూలుగ చోటును ఇరుకు చేస్తుంది. టెక్నీషియం బోన్ స్కాన్‌లో అస్థిపంజరమంతా వెలుగుతుంది. ఆ వెలుగు ఎముకది, మూలుగది కాదు. ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకినా ఇలాగే ఉండొచ్చు. నడుం పట్టేసిన ముసలాయన కొడుక్కి "క్యాన్సర్" అనే మాట చెప్పేముందు ముంజేతి ఎక్స్‌రే ఒకటి తీయించండి. రెండెముకల మధ్య పొర సున్నం పట్టి ఉంటే ఫ్లోరోసిస్‌ను గట్టిగా అనుమానించాలి. అది ఉన్నంత మాత్రాన క్యాన్సర్ లేదని కాదు, పీఎస్ఏ కూడా చూడాలి.

పెట్ స్కాన్ కోసం రోగిని నగరానికి పంపేటప్పుడు చీటీ మీద "నీరసం" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. పాత సీబీపీలు తేదీలతో సహా జత చెయ్యండి. రక్తం ఎక్కించారా, జీ-సీఎస్ఎఫ్ ఎప్పుడిచ్చారు, ఏ బోరు నీళ్ళు ఎన్నేళ్ళుగా తాగుతున్నారు, ఇవన్నీ రాయండి. అక్కడి డాక్టరుకు ఉదయగిరి తెలియదు, మీకు తెలుసు.